కాయమునకు వెల కలదా?

పన్నెండవ శతాబ్దమున కల్యాణమందు బసవేశ్వరుడు బోధించిన శరణధర్మమునకు కాయకము, దాసోహము రెండు కన్నులు. ఒడలు వంచి ఆర్జించుట కాయకము. ఆర్జించినదానిని నాది యను తలంపు లేక జంగమమునకు, సంఘమునకు సమర్పించుట దాసోహము. వైద్యశాస్త్రము తెచ్చిన చిక్కుప్రశ్న యొకదానిని ఈ రెంటి వెలుగున పరిశీలింపవలసియున్నది. బ్రతికియున్న మనుజుడు ధనము గొని తన మూత్రపిండము నిచ్చుట ధర్మమేనా?

ఈ చికిత్స 1954లో అమెరికాలోని బోస్టన్ నగరమున కవల సోదరుల నడుమ తొలిసారి ఫలించినది. తోబుట్టువు ప్రేమతో ఆరంభమైన కార్యము కొన్ని దశాబ్దములలోనే అంగడి కెక్కెను. భారతదేశమున 1994 నాటి మానవ అవయవ మార్పిడి చట్టము ఈ క్రయవిక్రయములను నేరముగా నిర్ణయించినది. ఇరాన్ దేశమున మాత్రము 1988 నుండి ప్రభుత్వ పర్యవేక్షణలో దాతకు ధనమిచ్చు పద్ధతి ఏర్పడినది.

విక్రయమును సమర్థించువారి వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. వైద్యునికి రుసుము ముట్టును, ఆసుపత్రికి ముట్టును, రోగికి ప్రాణము దక్కును. ఇచ్చిన పేదవాడొక్కడే ఉత్తచేతులతో పోవలెనా యని వారడుగుదురు. వారమునకు రెండు మూడు మారులు డయాలిసిస్ యంత్రమునకు కట్టుబడి బ్రతుకు రోగి యింట ఇది పుస్తకములలోని ప్రశ్న కాదు.

అయినను అమ్మినవాని గతి యేమైనదో చూడవలెను. చెన్నైలో మూత్రపిండము అమ్ముకొనిన 305 మందిని విచారించి పరిశోధకులు 2002లో ఫలితములను ప్రకటించిరి. నూటికి 96 మంది అప్పు తీర్చుటకే అమ్మిరి. అట్లు అమ్మినవారిలో నూటికి 74 మంది విచారణనాటికిని అప్పులలోనే యుండిరి. కుటుంబముల ఆదాయము సగటున మూడవవంతు తగ్గినది. ఆరోగ్యము క్షీణించినదని నూటికి 86 మంది చెప్పిరి.

ఇందు ఆదాయము తరిగిన సంగతి శరణులు ప్రత్యేకముగా గమనింపదగినది. కాయకమునకు సాధనము కాయమే. రైతు ధాన్యము నమ్మును, నేతగాడు బట్ట నమ్మును. నాగలిని, మగ్గమును అమ్మినవాడు మరునాడేమి చేయును? ఒక మూత్రపిండముతో ఆరోగ్యవంతుడు జీవింపగలడనుట నిజమే. కాని విశ్రాంతియు పోషణయు వైద్యపరీక్షయు లభింపని కూలివాని మాట వేరు.

ఆయ్దక్కి మారయ్య నేల రాలిన బియ్యము నేరుటయే కాయకముగా గలవాడు. ఒకనాడు అక్కరకు మించి తెచ్చినందుకు భార్య లక్కమ్మ ఆ బియ్యమును తిరిగి అచటనే పోసి రమ్మనెను. మిక్కిలి గింజలే తగనివైన ఆ సంప్రదాయమున, ఒకని అప్పును అదనుగా గొని అతని దేహభాగమును కొను ధనికునికి చోటెక్కడ? అమ్మినవానిని దూషించుట అన్యాయము. దోషము కొన్నవానిది, దళారిది, వడ్డీకై పీడించినవానిది. కన్నప్ప కన్నిచ్చిన కథను ఇచట ఉదాహరించువారు కలరు. ఆతడు వెల యడుగలేదు, ఆతని నెవరును నిర్బంధింపలేదు.

అట్లని దాత నష్టపోవలెనని కాదు. దాతకైన ఖర్చులను, పోయిన సంపాదనను తగురీతి చెల్లించుటను చట్టమే వెలగా ఎంచదు. అది దయతో వేయు భిక్ష కాదు, తీర్పవలసిన బాకీ. తమ్మునికి మూత్రపిండమిచ్చిన కూలివాని యింట గ్రాసము, ఏటేటి పరీక్షల వ్యయము సంఘము భరించినచో అది దాసోహమే.

మరణించినవారి అవయవములు లభించినకొలది బ్రతికియున్నవారిపై ఒత్తిడి తగ్గును. కూర్చుండబెట్టి సమాధి చేయవలసిన దేహమునకు కోత తగునా యని కొన్ని వీరశైవ కుటుంబములలో శంక కలదు. అవయవములు తీసిన పిమ్మట వైద్యులు శరీరమును కుట్టి బంధువుల కప్పగింతురు. ఇష్టలింగముతో సమాధి చేయుటకు దానివలన ఆటంకము లేదు. ఈ సంగతిని పెద్దలు ఇంటివారితో ముందుగనే మాటలాడియుంచుట మేలు. ఆసుపత్రి వాకిట, ఆ దుఃఖవేళ, తేల్చుకొనుట కష్టము.