ఉత్తరాన కృష్ణ – ముంగిట గుండ్లకమ్మ



ఒకసారి పటంలో మన త్రిపురాంతకం చూడండి. శ్రీశైలానికి తూర్పు ద్వారంగా పేరున్న ఊరు మనది. ఉత్తరాన నల్లమల దాటితే కృష్ణానది. మహారాష్ట్రలోని మహాబలేశ్వర్ దగ్గర పుట్టి, సుమారు 1,400 కి.మీ. ప్రవహించే నది అది. అంత పెద్ద నది దగ్గరలోనే ఉన్నా మన పడమటి ప్రకాశానికి నీటి కటకట ఎందుకు? జవాబు భూగోళ శాస్త్రంలో ఉంది.

1. జలవిభాజకం: వాననీరు ఎటు పారాలో నిర్ణయించే ఎత్తైన ప్రాంతాన్ని జలవిభాజకం అంటారు. ఇంటి కప్పుకు నడికొప్పు వంటిది. మనకు నల్లమలే ఆ కొప్పు. అవతల పడిన వాన కృష్ణలో చేరుతుంది. ఇవతల కంభం, మార్కాపురం వైపు పడింది గుండ్లకమ్మలో, గిద్దలూరు వైపు పడింది సగిలేరు ద్వారా పెన్నాలో కలుస్తుంది. కాబట్టి నది దగ్గరగా ఉన్నంత మాత్రాన నీరు మనవైపు రాదు.

2. గుండ్లకమ్మ: నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి, కంభం, మార్కాపురం ప్రాంతాల మీదుగా ఈశాన్యంగా సాగుతుంది. వినుకొండ ప్రాంతంలో ఆగ్నేయానికి తిరిగి, అద్దంకి మీదుగా ఒంగోలుకు తూర్పున సముద్రంలో కలుస్తుంది. గంగకు హిమాలయాల మంచు ఉంది. గుండ్లకమ్మకు వానే ఆధారం. వాన లేని ఏడు ఇసుకే మిగులుతుంది. అప్పుడు బోరే దిక్కు. ఆ నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే తాగడానికి పనికిరాదు. ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు గారపడతాయి, ఎముకలు దెబ్బతింటాయి.

3. కంభం చెరువు: వాన నది నీటిని వచ్చినప్పుడే పట్టి ఉంచుకోవాలి. ఈ సంగతి మన పూర్వులకు తెలుసు. రెండు కొండల నడుమ ఇరుకైన చోట గుండ్లకమ్మకు కట్ట వేశారు. విజయనగర కాలంలో రాణి వరదరాజమ్మ కట్టించిందని ప్రతీతి. 2020లో దీనికి ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది.

4. వెలిగొండ: కృష్ణ నల్లమలలో లోతైన లోయలో పారుతుంది. 1980లలో శ్రీశైలం డ్యాం నిండాక నీటిమట్టం 885 అడుగుల దాకా లేచింది. ఇక కొండను తొలిస్తే నీరు వాలుగా మనవైపు వస్తుంది. పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టు ఆలోచన ఇదే. 43.5 టి.ఎం.సి.ల వరద నీరు, సుమారు 4.47 లక్షల ఎకరాలు దాని లక్ష్యం. 1996లో శంకుస్థాపన జరిగింది. దాదాపు 19 కి.మీ. పొడవైన జంట సొరంగాల తవ్వకం ఒకటి 2021లో, రెండోది 2024లో ముగిసింది. శంకుస్థాపన నాటి పసిపిల్లలు అప్పటికి పెద్దవాళ్ళయ్యారు. సొరంగంతోనే పొలం తడవదు. జలాశయం, కాలువలు, నిర్వాసితుల పునరావాసం అన్నీ పూర్తి కావాలి.

తమ్ముళ్ళూ! ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు మీ ఊరి వాగు ఏ నదిలో కలుస్తుందో పెద్దలను అడిగి పటం గీయండి. మన నీటి లెక్క మనకు తెలిస్తేనే రేపు గ్రామసభలో లేచి అడగగలం.