గుర్రప్పందెం లెక్క - ఒక ఎక్సెల్ పాఠం

ఎక్సెల్ అనగానే మార్కుల జాబితా, మెస్ బిల్లు గుర్తుకొస్తాయి. దాని బలమూ బలహీనతా ఒకేచోట కనబడాలంటే గుర్రప్పందెం కంటే మంచి ఉదాహరణ లేదు. పందెం కాయమని మాత్రం కాదు సుమా!

హైదరాబాదులో మలక్‌పేట రేసుకోర్సు 1886 నుండి ఉన్నది. అక్కడి హ్యాండికాప్ పందేలలో బాగా గెలుస్తున్న గుర్రం మీద ఎక్కువ బరువు, వెనుకబడిన దాని మీద తక్కువ బరువు పెట్టి పరుగెత్తిస్తారు. (ఎవరి వీపున ఎంత బరువుందో అడగకుండా ప్రతిభ గురించి మాట్లాడేవారు ఒకసారి చూసి రావాలి.) గుర్రప్పందెంలో నైపుణ్యానిదే ప్రధాన పాత్ర అని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మరి ఆ నైపుణ్యం పట్టికకు వస్తుందా?

ఐదు గుర్రాల పందెం ఒకటి ఊహించుకుందాం. ఎ వరుసలో పేర్లు, బి వరుసలో ధరలు వేద్దాం: రూపాయికి 1, 3, 4, 9, 9 రూపాయల లాభం. సి2 గడిలో =1/(1+బి2) అని కొట్టి కిందికి లాగితే 50, 25, 20, 10, 10 శాతాలు వస్తాయి. కూడి చూడండి. 115! గెలిచేది ఒక్కటే గనుక 100 రావాలి. అంటే ఏది గెలిచినా 100 రూపాయలు చేతికి రావాలంటే మనం 115 పెట్టాలి. ఆ 15 పందెం నడిపేవాడిది. 2025 సెప్టెంబరు 22 నుండి జీఎస్టీ 40 శాతం. అదీ పైన వేస్తే 115 కాస్తా 161 అవుతుంది.

కనుక గెలిచే గుర్రాన్ని పసిగడితే చాలదు, ధర చెప్పే శాతం కన్నా మన అంచనా మెరుగ్గా ఉండాలి. దానికి బరువు, దూరం, సమయం, నేల తడి, జాకీ అని వరుసలు పెంచుతాం. చిక్కంతా ఇక్కడే. ఇరవై పరుగులకు పది వరుసలు పెడితే ఏదో ఒకటి గెలుపుతో కలిసినట్టే కనబడుతుంది. అందుకే కొన్ని పందేలను ముందే పక్కన దాచి, తయారైన సూత్రాన్ని వాటి మీద పరీక్షించాలి. హాంకాంగ్ పందేలను కంప్యూటరుతో లెక్కగట్టిన బిల్ బెంటర్ 1994లో తన పద్ధతిని వ్యాసంగా ప్రచురించాడు. అంతటివాడు కూడా తన అంచనాను ఒంటరిగా నమ్మలేదు, జనం కట్టిన ధరను దానితో కలిపాడు.

మన పెదపాడు వైపు సంక్రాంతికి కుక్కుట శాస్త్రం పట్టుకుని, ఏ రోజు ఏ జాములో డేగ మీద కాకి గెలుస్తుందో చెప్పే పెద్దలున్నారు. కోడిపందెం చట్టరీత్యా నేరం. పైసా పెట్టనక్కర లేదు, వాళ్ళు చెప్పిన జోస్యాన్ని పందెం జరగక ముందే ఒక వరుసలో రాసి, ఫలితం పక్క వరుసలో వేయండి. తప్పినవి కూడా వదలకుండా రాయాలి. నలభై అయ్యాక కౌంట్‌ఇఫ్ సూత్రంతో లెక్కించి, ఇరవైకి ఎంత దూరంలో ఉందో చూడండి.