బరోక్ యుగం: దుస్తులు, సామాజిక హోదా

బరోక్ యుగం: సుమారు 1600–1750. ఏ వర్గం ఏ దుస్తులు ధరించాలో నిర్దేశించినవి ఆడంబర నియంత్రణ చట్టాలు. ఇంగ్లండ్‌లో రద్దు 1604. ఫ్రాన్స్‌లో 14వ లూయీ (పాలన 1643–1715) వేషధారణను ఆస్థాన క్రమశిక్షణగా మార్చాడు. ఎర్ర మడమల బూట్లు ఆస్థాన ప్రభువులకే. బంగారు, వెండి జరీ పనితనమున్న నీలి కోటుకు రాజు అనుమతి పత్రం తప్పనిసరి (ఇది గుర్తుంచుకోవాలి).

1665: ఫ్రాన్స్ మంత్రి కోల్బేర్ లేసు పరిశ్రమకు ప్రోత్సాహం, వెనీస్ దిగుమతుల తగ్గింపు లక్ష్యం. 1666: ఇంగ్లండ్ రాజు 2వ ఛార్లెస్ వెస్ట్‌ను ప్రవేశపెట్టాడు, త్రీపీస్ సూట్‌కు మూలం. 1675: పారిస్ మహిళా దర్జీలకు సొంత వృత్తి సంఘం. సామాన్యులవి ముతక ఉన్ని, నార బట్టలు.

అడిగే అవకాశమున్నది: అద్దకపు నూలు వస్త్రాలపై ఫ్రాన్స్ నిషేధం, 1686–1759. మచిలీపట్నం సహా కోరమాండల్ తీరపు కలంకారీ వస్త్రాలు ఈ కోవలోవే. నిషేధమున్నా వాడకం ఆగలేదు.