గ్లాస్గో కోమా స్కేల్: నర్సింగ్ అభ్యర్థులకు

తలకు దెబ్బ తగిలిన రోగి స్పృహను కొలిచే ఈ స్కేలును 1974లో టీస్‌డేల్, జెన్నెట్ ప్రకటించారు. కళ్లు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6, గరిష్ఠం 15. కనిష్ఠం 3, సున్నా కాదు, పొరబడేది ఇక్కడే. 8 లేదా అంతకన్నా తక్కువైతే తీవ్ర గాయం.

మాటకు మార్కు వేసేముందు రోగి భాష తెలుసుకోవాలి. ఉదాహరణకు, కే.జీ.కండిగై గ్రామం ఉన్న తిరుత్తణి ప్రాంతం 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలో (నేటి తమిళనాడు) కలిసింది. అక్కడ తెలుగు ఇళ్లు నేటికీ ఉన్నాయి. తమిళంలో అడిగిన ప్రశ్నకు తెలుగు పెద్దాయన తడబడితే, అయోమయమని 4 వేయడం అన్యాయం. "తాతా, నీ పేరేంటి? ఇప్పుడు ఎక్కడ ఉన్నావు? ఇది ఏ నెల?" అని తెలుగులో అడగాలి. అన్నీ సరిగ్గా చెబితే 5.

మూడు మార్కులూ విడివిడిగా రాయండి. మొత్తం 2 తగ్గినా, ఒక కంటిపాప పెద్దదై వెలుగుకు స్పందించకపోయినా వెంటనే డాక్టరుకు చెప్పాలి.