పది అడుగుల స్లాబ్ కింద కారు లిఫ్ట్ పడుతుందా?

కింద మెకానిక్ షెడ్డు, పైన ఇల్లు. రహదారుల పక్కన ఉన్న పట్టణాల్లో ఇలాంటి కట్టడాలు చాలానే కనిపిస్తాయి. స్లాబ్ ఎంత ఎత్తులో వేయాలని మేస్త్రి అడిగితే, ఆలోచించకుండా వచ్చే జవాబు ఒకటే: ‘అందరిలాగే పది అడుగులు’. కాపురానికి ఆ ఎత్తు హాయిగా సరిపోతుంది. కానీ రెండేళ్ల తర్వాత అదే షెడ్డులో కారును పైకెత్తే లిఫ్ట్ పెట్టాలనుకుంటే చిక్కు మొదలవుతుంది. కారు పైకప్పు ముందుగా ఫ్యాను రెక్కలకు, తర్వాత బీముకు తగులుతుంది. మెకానిక్ మాత్రం ఇంకా వంగే ఉంటాడు. లిఫ్టును మార్చుకోవచ్చు, స్లాబును పైకి జరపలేం. అందుకే ఈ లెక్క ఇంటి ప్లాను కాగితం మీద ఉండగానే తేల్చుకోవాలి.

నాలుగు అంకెల లెక్క

లెక్క మొదలుపెట్టాల్సింది కారు నుంచి కాదు, దాని కింద నిలబడే మనిషి నుంచి. మెకానిక్ ఎత్తు 170 సెంటీమీటర్లు అనుకుందాం. తలపైన కొంత ఖాళీ కలిపితే, కారు అడుగుభాగం నేల నుంచి 180 సెంటీమీటర్ల ఎత్తుకు లేవాలి. ఇది మొదటి అంకె.

రెండోది కారు మొత్తం ఎత్తు. చిన్న కార్లు చాలావరకు 150 సెంటీమీటర్ల దగ్గర ఉంటాయి. ఇన్నోవా లాంటి బండి సుమారు 180, బాగా ఎత్తైన ఎస్‌యూవీ దాదాపు 200 సెంటీమీటర్లు ఉంటుంది.

మూడోది తీసివేయాల్సిన అంకె. లిఫ్ట్ చేతులు కారును చక్రాల కింద పట్టుకోవు. తలుపుల కింది అంచు దగ్గరో, ఛాసిస్ దగ్గరో ఆన్చి ఎత్తుతాయి. ఆ చోటు నేలకు 20 నుంచి 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. కాబట్టి ఆ చోటుకు పైన ఉన్న భాగమే లెక్కకు వస్తుంది. గాలిలోకి లేచాక చక్రాలు సస్పెన్షన్ మీద కొంచెం కిందికి వేలాడతాయి గానీ, దానివల్ల పైకప్పు ఎత్తు మారదు.

నాలుగోది పైన వదలాల్సిన ఖాళీ. కనీసం 15 సెంటీమీటర్లు ఉంచుకుంటే మంచిది. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

ఇప్పుడు కూడితే:

చిన్న కారు: 180 + (150 – 20) + 15 = 325 సెం.మీ. అంటే సుమారు 10 అడుగుల 8 అంగుళాలు.
ఇన్నోవా తరహా బండి: 180 + (180 – 25) + 15 = 350 సెం.మీ. అంటే 11 అడుగుల 6 అంగుళాలు.
ఎత్తైన ఎస్‌యూవీ: 180 + (200 – 30) + 15 = 365 సెం.మీ. అంటే 12 అడుగులు.

ట్యాక్సీల మీద సామాన్ల క్యారియర్ ఉంటే దాని ఎత్తు అదనం. కారు పైన ఉండగా డిక్కీ తలుపు తెరవాల్సి వస్తే ఇంకా ఎక్కువ కావాలి. అందుకే డిక్కీ, బానెట్ పనులు బండి నేల మీద ఉన్నప్పుడే ముగించుకోవడం మేలు.

ఎక్కడి నుంచి ఎక్కడికి కొలవాలి?

టేపు పట్టుకుని నేల నుంచి స్లాబు దాకా కొలిస్తే తప్పు లెక్క వస్తుంది. కారుకు తగిలేది స్లాబు కాదు, దాని కింద వేలాడే బీము. బీము ఒక అడుగు కిందికి దిగితే, పది అడుగుల షెడ్డులో మిగిలేది తొమ్మిదే. ఆ పది అడుగులను కింది నేల నుంచి పై అంతస్తు నేల దాకా లెక్కేసి ఉంటే, స్లాబ్ మందం కూడా అందులోంచే పోతుంది. ఫ్యాను, ట్యూబులైటు, కరెంటు పైపులు, రోలింగ్ షట్టర్ చుట్టుకునే పెట్టె ఇవన్నీ కూడా లెక్కలోకి వస్తాయి. రేకుల షెడ్డయితే ట్రస్సులో అన్నిటికంటే కిందున్న కమ్మీ దాకా కొలవాలి.

లిఫ్ట్ ఎత్తు వేరే లెక్క. రెండు స్తంభాల లిఫ్టుల్లో రెండు రకాలున్నాయి. ఒకదానిలో రెండు స్తంభాలనూ కలిపే తీగలు, గొట్టాలు నేల మీద రేకు కింద నడుస్తాయి. దీని స్తంభాలు సుమారు 2.8 మీటర్లే ఉంటాయి కాబట్టి తక్కువ ఎత్తు షెడ్డులో కూడా నిలబడుతుంది. రెండోదానిలో అవి పైనున్న అడ్డకమ్మీ గుండా వెళతాయి. దీనికి 3.6 మీటర్లు, కొన్నిటికి ఇంకా ఎక్కువ ఎత్తు కావాలి. పొట్టి స్తంభాల లిఫ్ట్ షెడ్డులో పట్టిందంటే పని అయిపోయినట్టు కాదు. అడ్డకమ్మీ ఉన్న లిఫ్టుల్లో సాధారణంగా కారు పైకప్పు తగలగానే మోటారును ఆపే స్విచ్ ఉంటుంది. పొట్టి రకంలో ఆ కమ్మీయే ఉండదు. బటన్ నొక్కి పట్టుకున్న మనిషి చూసుకోకపోతే, కారుకూ బీముకూ మధ్య రేకు నలిగే దాకా లిఫ్ట్ ఆగదు.

ఆ 15 సెంటీమీటర్లు ఎందుకు?

17వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రవేత్త పాస్కల్ చెప్పిన సూత్రమే ఎక్కువ లిఫ్టులకు ఆధారం. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట పీడనం పెంచితే అది తగ్గకుండా అన్ని వైపులకూ పాకుతుంది. చిన్న పంపు నూనె మీద కలిగించే పీడనం, పెద్ద సిలిండర్‌లో వైశాల్యానికి తగ్గట్టు పెద్ద బలంగా మారి బండిని లేపుతుంది.

1,500 కిలోల బండిని 1.8 మీటర్లు ఎత్తితే దానిలో దాదాపు 26,000 జౌళ్ల స్థితిజ శక్తి చేరుతుంది. పట్టు తప్పి పడితే అది గంటకు 21 కిలోమీటర్ల వేగంతో నేలను తాకుతుంది. దాని కింద మనిషి ఉంటాడు. అందుకే గొట్టంలోని నూనె మీద భారం వేసి ఎవరూ పనిచేయకూడదు. స్తంభంలో నిచ్చెన మెట్లలా ఇనుప తాళాలుంటాయి. కావలసిన ఎత్తు దాటించి, కొద్దిగా దించి బండిని ఆ తాళాల మీద కూర్చోబెట్టాలి. దించేటప్పుడు మళ్లీ కొన్ని సెంటీమీటర్లు పైకి లేపితేనే తాళం వదులుతుంది. పైకప్పు అప్పటికే బీముకు ఆనుకుని ఉంటే ఈ రెండు పనులూ కుదరవు. ఇరుకు షెడ్డుల్లో తాళం వేయకుండానే కారు కిందికి దూరాలనిపించేది ఇలాంటప్పుడే. ఆ 15 సెంటీమీటర్లు కారు రంగును కాపాడటానికే కాదు, మనిషి ప్రాణాన్ని కాపాడటానికి కూడా.

ఇప్పటికే కట్టేసి ఉంటే?

లెక్కను తిరగేయాలి. బీము అడుగు 275 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, 15 ఖాళీ, చిన్న కారులో 130 తీసేయగా మిగిలేది 130. కింద నిలబడలేం గానీ, చిన్న స్టూలు మీద కూర్చుని టైర్లు, బ్రేకుల పని సుఖంగా చేసుకోవచ్చు. ఇలాంటి చోట మీటరు దాకా లేచే కత్తెర లిఫ్ట్ చాలు. కారు ముందు భాగం పైకప్పు కంటే బాగా కిందికి ఉంటుంది. కాబట్టి పైకప్పు రెండు బీముల మధ్య ఖాళీలోకి వచ్చేలా లిఫ్టును జరిపి పెట్టినా కొన్ని అంగుళాలు కలిసివస్తాయి.

చేయకూడనిది ఒకటుంది. బీము అడుగును చెక్కి ఎత్తు సంపాదించాలని చూడొద్దు. భారం మోసేటప్పుడు బీము మధ్యలో పైభాగం నొక్కుకుంటుంది, కిందిభాగం సాగుతుంది. కాంక్రీటు నొక్కుడును ఓర్చుకుంటుంది గానీ సాగదీతకు నిలవదు. అందుకే అసలు ఇనుము బీము అడుగునే ఉంటుంది. అక్కడ చెక్కితే పైనున్న ఇంటి ఆధారాన్నే చెక్కినట్టు. నేలను తవ్వి కిందికి దిగాలన్నా ఇంజినీరును అడగాలి. పునాదులు దగ్గర్లోనే ఉంటాయి, వాన నీరూ చేరుతుంది. పెట్రోలు ఆవిరి, ఎల్పీజీ గాలికంటే బరువు కాబట్టి గుంతలో నిలుస్తాయి. సీఎన్జీలోని మీథేన్ తేలిక కాబట్టి లీకైతే స్లాబు కింద, బీముల మధ్య చేరుతుంది. సీఎన్జీ బండ్లు వచ్చే షెడ్డులో పైన గాలి పోయే దారి ఉండాలి.

కొత్తగా కట్టేవారికి మాత్రం దారి సులువు. బీము అడుగుకు 12 అడుగులు, స్లాబు అడుగుకు 13 అడుగులు ఉంటే ఎత్తైన ఎస్‌యూవీ కింద కూడా నిటారుగా నిలబడి పనిచేయవచ్చు. అడ్డకమ్మీ రకం తీసుకోవాలనుకుంటే లిఫ్ట్ డ్రాయింగును ముందే తెప్పించి ఇంజినీరు చేతికివ్వాలి. నేల కాంక్రీటు మందం, బోల్టుల లోతు కూడా అందులోనే ఉంటాయి. గోడలకు అదనంగా పట్టే రెండు మూడు అడుగుల ఇటుక, ఆ షెడ్డులో ముప్పై ఏళ్లు పనిచేయబోయే మనిషి నడుముతో పోలిస్తే పెద్ద ఖర్చేమీ కాదు.