పిడికిట తిమ్మిరి

ప్రశ్న: మాది మీర్‌పేట్. నా వయస్సు 42. వ్యాపారనిమిత్తము వారమున కొకమారు మోటారు సైకిలుపై సూర్యాపేటకు పోయివచ్చుచుందును. చౌటుప్పల్ దాటునప్పటికే కుడిచేతి బొటనవ్రేలును, చూపుడువ్రేలును, నడిమివ్రేలును తిమ్మిరెక్కుచున్నవి. ఈ నడుమ అర్ధరాత్రివేళ సైతము ఆ తిమ్మిరికి మెలకువ వచ్చుచున్నది. మెత్తని జెల్ గ్రిప్పులు వేయింపుమని మెకానిక్కు చెప్పుచున్నాడు. వేయింపవచ్చునా?

జవాబు: వేయింపవచ్చును. అయితే మీ జాబులో నాకు ముఖ్యముగా తోచినది ఆ అర్ధరాత్రి మెలకువ. బొటనవ్రేలు మొదలు ఉంగరపువ్రేలి సగమువరకు స్పర్శజ్ఞానము నొసగు మధ్యమ నాడి, మణికట్టుకడ ఎముకలకును ఒక గట్టి పట్టీకిని నడుమనున్న ఇరుకు దారిలో, వ్రేళ్లను ముడుచు 9 స్నాయువులతో ఒరసికొనుచు అరచేతిలోనికి వచ్చును. మీరు గంటలతరబడి యాక్సిలరేటరును త్రిప్పిపట్టి మణికట్టును వెనుకకు వంచి యుంచునప్పుడు ఆ దారి మరింత ఇరుకై నాడి నలుగును. చిటికెనవ్రేలు తిమ్మిరెక్కియుండినచో దోషము వేరొక నాడిది. అరచేతి అంచు హ్యాండిలుపై ఒత్తుకొనుటచే అది కలుగును. సైకిలుపై దూరము పోవువారి కది తరచు వచ్చునది.

ఇక గ్రిప్పు మాట. మన మోటారు సైకిళ్లలో పెక్కింటి హ్యాండిలు గొట్టము 22 మిల్లీమీటర్ల లావుండును. దానిపై తొడిగిన గ్రిప్పు మరీ సన్ననిదో, అరిగి నున్ననైనదో అయినచో, చేయి జారునేమోనను శంకతో మనము తెలియకయే పిడికిలి బిగింతుము. బిగించిన కొలది ఇంజను అదురు చేతిలోనికి ఎక్కువగా ప్రాకును. అమెరికాలోని ఇండియానా రాతిపనివారి వ్రేళ్లు తెల్లబారుటను 1918లో పరిశీలించిన ఆలిస్ హామిల్టన్ అను వైద్యురాలు గాలిసుత్తి అదురును, బిగిపట్టును, చలిని కలిపి దోషముగా నెన్నినది. మన యెండలలో చలిని విడిచిపెట్టినను తక్కిన రెండును మీకు గలవు.

అట్లని లావు గ్రిప్పే మేలనుకొనరాదు. పిడికిలి పట్టినప్పుడు గోళ్లు అరచేత గ్రుచ్చుకొనినచో అది సన్నము. బొటనవ్రేలికొన చూపుడువ్రేలి కొన నందుకొనలేనిచో లావు. జెల్ మంచిదే, స్పాంజి తొడుగు మాత్రము చెమటను, వానను త్రాగి తొందరగా చిరుగును గనుక నాకు రుచింపదు. కుడిప్రక్క గొట్టముపై యాక్సిలరేటరు తొడుగు గూడ నుండుటచే ఎడమ గ్రిప్పు దానికి పట్టదు, జతగానే కొనుడు. బిగించిన పిమ్మట కుడి గ్రిప్పును త్రిప్పి విడిచినచో తనంత తాను వెనుకకు రావలెను. రానిచో బండి కదలింపకుడు.

రాత్రులు మణికట్టు వంగకుండ స్ప్లింటు కట్టుకొనుడు. రక్తములో చక్కెరను, థైరాయిడును పరీక్ష చేయించుడు. మధుమేహ మున్నచో అది నాడిని ముందే బలహీనపరచి యుండవచ్చును, అప్పుడు ఎంత ఖరీదైన గ్రిప్పును చాలదు. బొటనవ్రేలి మొదటనున్న కండ తగ్గినను, చేతిలోని టీకప్పు జారుచున్నను జాగుసేయక న్యూరాలజిస్టును చూడుడు. లేనిచో పరీక్షల ఫలితములు వచ్చిన తరువాత నాకు మరల వ్రాయుడు. అంతవరకు సూర్యాపేటకు ఎల్‌బీ నగర్‌లో బస్సెక్కుడు.