ఆ కొండలకు సొంతదారులున్నారు

విజయనగరం

చిరంజీవి అల్లుడికి,

డిసెంబరులో స్నేహితులతో కారేసుకుని అరకు, లంబసింగి వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పాడేరు వైపు ఆశ్రమ పాఠశాలల్లో పంతులుగా చేసినవాణ్ణి కనక నీకు దారి గురించి నాలుగు ముక్కలు రాయమంది. దారి సంగతి రాస్తాను. దాంతోపాటు ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ కొండల్లో నీ కంటికి కనిపించే ప్రతిదానికీ ఒక సొంతదారు ఉన్నాడు. ఆ ఎరుకతో వెళ్తే మన్యం బాగా అర్థమవుతుంది.

ముందు దారి. విశాఖలో పొద్దున్నే బయల్దేరి ఎస్.కోటలో పెట్రోలు పోయించుకోండి. చేతిలో కొంత నగదు ఉంచుకోండి, పైన ఫోను సిగ్నల్ అన్నిచోట్లా ఉండదు. ఎస్.కోట దాటాక ఘాట్ మొదలవుతుంది. ఏ గేరులో ఎక్కావో అదే గేరులో దిగు. న్యూట్రల్‌లో వదిలి బ్రేకు మీద కాలేసి కూర్చుంటే బ్రేకులు వేడెక్కి, తీరా కావలసినప్పుడు పట్టవు. మలుపులో హారన్ కొట్టు, ఎక్కే బండికి దారివ్వు. మంచు కమ్మినప్పుడు హైబీమ్ వేస్తే ఇంకా కనపడదు, లైట్లు డిమ్‌లోనే ఉంచు. చీకటి పడ్డాక ఘాట్ జోలికి పోవద్దు. ఒక్కరోజులో అన్నీ చుట్టేద్దామనుకుంటే కారు సీటు తప్ప ఏదీ గుర్తుండదు. మొదటి రాత్రి అరకులో, రెండో రాత్రి పాడేరులో ఉండి, జి.మాడుగుల, చింతపల్లి మీదుగా లంబసింగి చేరండి. అక్కడ తెల్లవారుజాము మంచు చూసుకుని నర్సీపట్నం దిగండి.

దారిలో బొర్రా గుహలు ఎలాగూ చూస్తారు. అక్కడికి వెళ్లేముందు ఆ బొర్రా పంచాయతీ కథ కూడా తెలుసుకో. అక్కడి భూముల్లో ప్రైవేటు గనుల లీజుల మీద సమత అనే సంస్థ కోర్టుకెక్కింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమినైనా గిరిజనేతరులకు గనుల కోసం లీజుకివ్వడం చెల్లదని 1997లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. దానికి ఆధారం 1970 నాటి ఒకటో నంబరు రెగ్యులేషన్, అందరూ 1/70 చట్టం అనేది దాన్నే. గిరిజనుడి భూమి గిరిజనేతరుడి పేరు మీదికి మారకుండా కాపాడేది అదే. మీ కారులో ఎవడో ఒకడు ‘ఇక్కడో ఎకరం కొని రిసార్టు కట్టేద్దాంరా’ అనకమానడు. అప్పుడు వాడికి ఈ కథ చెప్పు.

మీరు వెళ్లే కాలంలో అక్కడక్కడా వలిసె చేలు పసుపుపచ్చగా విరగబూసి ఉంటాయి. అది పూలతోట కాదు, నూనెగింజల పంట. ఫొటో కోసం లోపలికి దిగితే తొక్కినంత మేరా రైతుకు గింజ పోయినట్టే. ఇప్పుడు చాలామంది రైతులు గట్టు మీద నిలబడి, ఫొటో దిగేందుకు మనిషికింత అని తీసుకుంటున్నారు. చేను వాళ్లది, బేరమాడొద్దు.

కాఫీ పళ్లు కోసేదీ ఆ రోజుల్లోనే. తోట దగ్గర కాసేపు ఆగి చూడు. పైన సిల్వర్ ఓక్ చెట్ల నీడ, వాటి మానులకు పాకిన మిరియాల తీగలు, కింద భుజం ఎత్తు కాఫీ మొక్కలు. ఒకే గుత్తిలో ఎర్రగా పండినవీ ఉంటాయి, పచ్చివీ ఉంటాయి. కోసే ఆడవాళ్ల వేళ్లు ఎర్రటి పండును మాత్రమే తుంపుతాయి, పచ్చికాయ కదలదు. అదే మొక్క దగ్గరకి మళ్లీ మళ్లీ రావాలి. అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ) రావడం వెనక ఆ వేళ్ల పని ఉంది. పొడి కొనాలనుకుంటే గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొను. 1956 నుంచీ ఆ సంస్థ గిరిజనుల సరుకు కొని అమ్ముతోంది.

దారిలో సంత తగిలితే తప్పకుండా దిగండి. రాజ్మా, పసుపు, అల్లం, కొండచీపుళ్లు చవగ్గానే ఉంటాయి. కొండ మీంచి బుట్ట నెత్తిన పెట్టుకుని నడిచొచ్చిన మనిషితో పది రూపాయల దగ్గర పట్టు పట్టకండి. అక్కడ అందరి ఇంటిభాషా తెలుగు కాదు. కోందు గిరిజనులది కువి, అరకు వైపు చాలామందిది ఆదివాసీ ఒరియా. వాళ్ల తెలుగు యాస విని ఎవరైనా నవ్వితే, కువిలో ఒక్క మాట చెప్పమను. ఫొటో తీసేముందు అడుగు. ఇళ్ల ముందు బండి ఆపి ‘థింసా ఆడతారా’ అని అడక్కండి, ఆ ఆట వాళ్ల పండగలదీ పెళ్లిళ్లదీ. పిల్లలకి చాక్లెట్లు విసరొద్దు, చెయ్యి చాపడం మనమే నేర్పినట్టవుతుంది. మబ్బులు చూడ్డానికి వంజంగి కొండ ఎక్కితే తీసుకెళ్లిన సీసాలు తిరిగి తెచ్చుకోండి. కొండ మీది ఊటే కింద గూడెంవాళ్ల బిందెల్లోకి చేరుతుంది.

లంబసింగి నుంచి దిగే ఘాట్ దగ్గర కాస్త నెమ్మదించు. తెల్లదొరల కాలంలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ సరైన కూలి ఇవ్వకుండా గిరిజనుల చేత ఈ వైపు రోడ్డు పని చేయించాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు మనుషులు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడడానికి ఉన్న కారణాల్లో ఆ కడుపుమంట ఒకటి. ఇంత చరిత్ర జరిగాక కూడా రోడ్డు చేరని గూడేలు ఇంకా ఉన్నాయి. నిండు చూలాలిని డోలీలో మోసుకుంటూ తారురోడ్డు దాకా వచ్చి, అక్కడ అంబులెన్సు ఎక్కిస్తారు. అందుకే మలుపులో కారు ఆపి సెల్ఫీలు దిగొద్దని గట్టిగా చెబుతున్నాను. మీకది విహారం, వెనక వచ్చే బండిలో ఒకరికి ప్రాణం.

ఖర్చు కోసం వెనకాడకండి, ఆ డబ్బు గూడేల్లో మిగిలేలా చూడండి. తోటలోకి దిగేముందు అడగండి, వద్దన్నచోట ఆగండి. బయల్దేరేముందు ఈ ఉత్తరం మీ స్నేహితులందరికీ ఒకసారి చదివి వినిపించు.

మీ మావయ్య